పెట్రోలు గొట్టంలో సాలెగూడు

2011వ సంవత్సరంలో మాజ్డా అనే జపాను కంపెనీ ఉత్తర అమెరికాలో అమ్మిన తన కార్లలో దాదాపు 65 వేలను మరమ్మతు కోసం వెనక్కి రప్పించింది. ఇంజను చెడిపోయిందా? లేదు. బ్రేకులా? అవీ బాగానే ఉన్నాయి. గొడవంతా ఒక సాలీడుతో వచ్చింది! చిటికెన వేలి గోరంత ఉండే పసుపు రంగు సాలీడు కారు అడుగున ఉండే ఒక గొట్టంలో దూరి గూడు అల్లుకుంటున్నది. దానివల్ల పెట్రోలు ట్యాంకు పగిలి, పెట్రోలు కారి, మంటలు అంటుకోవచ్చునని కంపెనీ భయపడింది.

సాలెగూటికీ ట్యాంకు పగలడానికీ సంబంధమేమిటి? అది తెలియాలంటే ఆ గొట్టం అక్కడ ఎందుకున్నదో ముందు తెలుసుకోవాలి.

పెట్రోలు బంకు దగ్గర గుప్పుమనే వాసన మీకు తెలిసిందే. పెట్రోలు ఇట్టే ఆవిరైపోతుంది. ఎండలో కదలకుండా నిలబడి ఉన్న కారు ట్యాంకులో కూడా ఆవిరి పుడుతూనే ఉంటుంది. వెనుకటి కార్లలో ఈ ఆవిరి తిన్నగా గాలిలో కలిసిపోయేది. అప్పట్లో లాస్ ఏంజెలిస్ నగరాన్ని కళ్ళు మండించే పొగమంచు కమ్ముకునేది. 1950వ దశకం మొదట్లో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త దాని గుట్టు విప్పాడు. (అంతకుముందు ఆయన పరిశోధిస్తున్నది అనాసపండు వాసన గురించి!) పెట్రోలులోని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు సూర్యకాంతిలో చర్య జరిపి ఓజోనును పుట్టిస్తున్నాయని ఆయన చూపాడు. ఎక్కడో ఆకాశంలో మనల్ని కాపాడే ఓజోను, నేలమీద మాత్రం ఊపిరితిత్తులకు శత్రువు. అందుకని కాలిఫోర్నియాలో 1970 మోడలు నుంచి, అమెరికా అంతటా 1971 మోడలు నుంచి కార్లలో పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి చేశారు.

ఆ ఏర్పాటుకు గుండెకాయ ఒక బొగ్గు డబ్బా. అందులో ఉండేది మన కుంపట్లో వేసే బొగ్గు కాదు, ఉత్తేజిత బొగ్గు. దాని నిండా కంటికి కనిపించని రంధ్రాలు. ఒక్క గ్రాము బొగ్గులోని ఆ రంధ్రాల గోడలన్నీ పరిస్తే వందల చదరపు మీటర్లవుతాయి. వాలీబాల్ కోర్టు వైశాల్యం 162 చదరపు మీటర్లేనని గుర్తుంచుకోండి! ట్యాంకు నుంచి వచ్చే ఆవిరి ఈ గోడలకు అంటుకుని ఉండిపోతుంది. కారు నడిచేటప్పుడు ఇంజను వైపు ఉన్న ఒక కవాటం తెరుచుకుంటుంది. ఇంజను పీల్పుకు బయటి గాలి మరో గొట్టం గుండా డబ్బాలోకి వచ్చి, ఆవిరిని వెంటబెట్టుకుని ఇంజనులోకి పోతుంది. అక్కడ అది మండి పనికొస్తుంది.

ఆ బయటి గాలి వచ్చే గొట్టమే సాలీడుకు నచ్చినది. గూడుతో అది మూసుకుపోతే ఏమవుతుంది? పల్చటి ప్లాస్టిక్ సీసాను పెదవులకు గట్టిగా ఆనించి గాలి పీల్చి చూడండి, లోపలికి నొక్కుకుపోతుంది. ఇంజను పీలుస్తూ ఉంటే ట్యాంకుకూ అదే గతి. లోపల పీడనం తగ్గి, బయటి గాలి ట్యాంకును నొక్కుతుంది. పదేపదే అలా వంగితే గోడ బీటలు వారుతుంది.

ఈ గొట్టాలన్నీ కారు కింద దాగి ఉంటాయి. ఆవిరి కంటికి కనబడదు. మరి లోపం కనిపెట్టేదెలా? సైకిలు షాపులో పంక్చరు వేసే వ్యక్తి ట్యూబులో గాలి నింపి నీళ్ళ తొట్టిలో ముంచుతాడు కదా! అమెరికాలో 1996 నుంచి కార్లలోని కంప్యూటరు దాదాపు అదే పని చేస్తున్నది. చాలా కార్లలో అది బయటి గాలి దారి మూసి, ఇంజను పీల్పుతో ట్యాంకులో పీడనాన్ని కాస్త తగ్గించి, ఆ తరువాత ఇంజను వైపు దారి కూడా మూసేస్తుంది. పీడనం నిలకడగా ఉంటే అంతా క్షేమం. మళ్ళీ గబగబా పెరిగితే ఎక్కడో కన్నం ఉన్నట్లే. అర మిల్లీమీటరు కన్నాన్ని కూడా ఇలా పసిగట్టగలదు! అప్పుడు డ్రైవరు ముందు దీపం వెలుగుతుంది, ఒక సంకేతం నమోదవుతుంది. పెద్ద కన్నానికి పి 0455, చిన్నదానికి పి 0442.

ఇక్కడే తొందరపాటు మెకానిక్కులు పొరబడతారు. సంకేతం "గాలి నిలవడం లేదు" అంటుందే గాని, ఏ భాగం చెడిందో చెప్పదు. అందువల్ల తెలివైనవాడు మొదట పెట్రోలు మూత చూస్తాడు. అది వదులుగా ఉన్నా, దాని రబ్బరు రింగు పగిలినా దీపం వెలుగుతుంది. మూత బిగించగానే ఆరదు కూడా. కంప్యూటరు మళ్ళీ పరీక్ష జరిపేదాకా ఆగాలి. మూత బాగుంటే గొట్టాల్లోకి సన్నగా పొగ పంపుతారు. పొగ ఎక్కడ బయటికొస్తే కన్నం అక్కడ!

కొన్ని లోపాలు కారు నడతలోనే బయటపడతాయి. పెట్రోలు పోయించుకున్న వెంటనే కారు స్టార్టు కాక మొరాయిస్తే, ఇంజను వైపు కవాటం తెరుచుకునే ఉండిపోయిందేమోనని అనుమానించాలి. బంకులో గొట్టం టక్కుమని ఆగాక కూడా ఇంకాస్త, ఇంకాస్త అని పోయించుకునేవారుంటారు. ఆ పెట్రోలు డబ్బాలోకి దిగితే బొగ్గు తడిసి పాడవుతుంది.

ఇంతకూ సాలీడు సంగతి! మాజ్డా వారు గొట్టాలను శుభ్రం చేసి, సాలీడు దూరకుండా లోపల స్ప్రింగు అమర్చారు. సాలీడు దాన్ని లెక్కచేయలేదు. 2014లో మళ్ళీ 42 వేల కార్లను రప్పించవలసి వచ్చింది. ఈసారి ట్యాంకులోని పీడనాన్ని కనిపెట్టి చూసేలా కంప్యూటరు ప్రోగ్రామునే మార్చారు.