చిట్టీ దొరికిన రోజు...

మధ్యాహ్నం పన్నెండున్నర. అమ్మ కుక్కర్ దించుతుంటే ఫోన్ మోగుతుంది. 'మీ అబ్బాయి యూనిట్ టెస్టులో చిట్టీతో దొరికాడండీ. ఒకసారి స్కూలుకి రండి' అంటుంది అవతలి గొంతు. ఆ గొంతులో కోపం కన్నా విసుగే ఎక్కువ. అమ్మకి మాత్రం కాళ్ల కింద నేల కదిలినట్టవుతుంది. ఆటోలో వెళ్తున్నంతసేపూ ఆమె ఆలోచన చిట్టీ గురించి కాదు. వాళ్ల నాన్నకి ఎలా చెప్పాలి? పక్కింటి పిల్లదీ అదే క్లాసు, ఈపాటికి వీధంతా తెలిసిపోయి ఉంటుందేమో!

పదో తరగతి పరీక్షల్లో స్క్వాడ్‌కి చిక్కినవాళ్ల లెక్క మర్నాడు పేపర్లో వస్తుంది. ఏడో తరగతి సోషల్ స్లిప్ టెస్టుకి అరచేతి మీద సంవత్సరాలు రాసుకొచ్చిన పిల్లాడి లెక్క ఎక్కడా ఉండదు. ఆ సంగతి రెండు చెంపదెబ్బలతోనో, 'పోనీలెండి చిన్నపిల్లాడు' అన్న మాటతోనో తేలిపోతుంది. వాడు ఎందుకు రాసుకొచ్చాడన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు.

అందరి ముందూ వద్దు

కాపీని పట్టుకోవడం ఒక పని. పట్టుకున్నాక ఏం చేయాలన్నది ఇంకో పని. చాలా బడులు మొదటిదానిలో ఆరితేరాయి, రెండోదానిలోనే తడబడుతున్నాయి.

2019 అక్టోబరులో కర్ణాటకలోని హావేరిలో ఓ కాలేజీ యాజమాన్యం, పక్కవాళ్ల పేపరు చూడకుండా విద్యార్థుల తలలకు అట్టపెట్టెలు తొడిగి పరీక్ష రాయించింది. ముందువైపు మాత్రం చూడ్డానికి కంత చేశారు. ఆ ఫొటోలు చూసి దేశమంతా నవ్వుకుంది. 2022 అక్టోబరులో ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో జరిగింది నవ్వే విషయం కాదు. చిట్టీలు దాచిందన్న అనుమానంతో తొమ్మిదో తరగతి అమ్మాయి బట్టలు విప్పించి వెతికారన్న ఆరోపణ వచ్చింది. ఆ అవమానం భరించలేక ఆ పిల్ల ప్రాణాలు తీసుకుంది. ఇంతాచేసి అది బడిలో పెట్టిన పరీక్ష!

పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషిద్ధమేనని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. అసెంబ్లీలో నిలబెట్టి 'వీడు దొంగ' అనడం, చిట్టీని నోటీసు బోర్డుకి అంటించడం వేధింపు కాక మరేమిటి?

మరి టీచరు ఏం చేయాలి? చిట్టీ తీసుకోవాలి. వేరే కాగితమిచ్చి మిగతా పరీక్ష రాయనివ్వాలి. గంట కొట్టాక, మిగతా పిల్లలు వెళ్లిపోయాక పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. ఆ చిట్టీని ఒకసారి తీరిగ్గా చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. చీమతలకాయంత అక్షరాలతో పాఠమంతా ఎక్కించిన పిల్లాడు నిజానికి ఆ పాఠం చదివినట్టే! వాడికి లేనిది చదువు కాదు, గుర్తుంటుందన్న ధైర్యం. ఒక్క లెక్కనే మూడుసార్లు రాసుకొచ్చిన పిల్లకి ఆ లెక్క అర్థం కాలేదు. అది టీచరుకి అందాల్సిన కబురు, దురదృష్టవశాత్తూ చిట్టీ రూపంలో అందింది.

చూపించినవాడి సంగతి వేరే. మన తరగతి గదుల్లో స్నేహితుడికి పేపరు చూపించకపోతే వాడు 'సెల్ఫిష్'. రేపటి నుంచి ఆటలోకి రానివ్వరు. మార్కుల కోసం చూసిన పిల్లాడినీ, స్నేహం పోతుందని చూపించిన పిల్లాడినీ ఒకే గాటన కట్టేస్తే రెండోవాడికి అన్యాయమే.

'నువ్వు తెలివైనదానివి'

ఇంట్లో ఏం జరుగుతుంది? 'మా పరువు తీశావు' అన్నది నాన్న మొదటి మాట. 'మేం నీకేం తక్కువ చేశాం' అన్నది అమ్మ రెండో మాట. ఈ రెంటిలోనూ ఉన్నది పెద్దవాళ్లే, పిల్లాడు లేడు.

పిల్లల నిజాయతీ గురించి అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు 1928లోనే పెద్ద అధ్యయనం ప్రచురించారు. వేలమంది బడిపిల్లలకు పరీక్షల్లో, ఆటల్లో, ఇంటిపనిలో మోసం చేసే అవకాశం కల్పించి చూశారు. 'వీడు నిజాయతీపరుడు, వీడు మోసగాడు' అని పిల్లల్ని రెండు కుప్పలుగా పోయడం కుదరలేదు. ఒకచోట నిక్కచ్చిగా ఉన్న పిల్లాడే ఇంకోచోట తప్పు చేశాడు. పిల్లాడి గుణం ఎంత ముఖ్యమో, వాడున్న పరిస్థితీ అంత ముఖ్యమని తేలింది.

దీనికన్నా ఆశ్చర్యపరిచే ప్రయోగం ఒకటుంది. చైనాలో మూడేళ్ల, ఐదేళ్ల పిల్లలతో చేసి 2017లో ప్రచురించారు. బోర్లించిన కార్డు మీద ఉన్న అంకె ఆరు కన్నా పెద్దదా, చిన్నదా ఊహించడం ఆట. మధ్యలో కొందరు పిల్లల్ని 'నువ్వు చాలా తెలివైనవాడివి' అని మెచ్చుకున్నారు. మరికొందరితో 'ఈసారి బాగా చేశావు' అన్నారు. తర్వాత 'కార్డు చూడను' అని మాట తీసుకుని పెద్దవాళ్లు గదిలోంచి బయటికి వెళ్లారు. తొంగిచూసిన వాళ్లలో 'తెలివైనవాడివి' అనిపించుకున్న పిల్లలే ఎక్కువ! ఆ పేరు నిలబెట్టుకోవాలిగా మరి.

'మావాడు చాలా షార్పండీ, ఎప్పుడూ ఫస్టే' అని చుట్టాల ముందు రోజూ చెప్పే ఇళ్లు మనకేం తక్కువ? ఆ ఫస్టు రాని రోజున పిల్లాడు ఇంటికి ఏ మొహంతో రావాలో ఎవరూ చెప్పరు. కాపీకొట్టేది వెనకబెంచీ వాళ్లేనన్నది పెద్దల భ్రమ. రెండో ర్యాంకు భయం ఉన్న పిల్లలూ కొడతారు.

పెద్దలు నేర్పిన పాఠం

ప్రాజెక్టు వర్క్ అనగానే నెట్‌సెంటర్‌కో, స్టేషనరీ షాపుకో వెళ్లి రెడీమేడ్‌గా కొనితెచ్చే నాన్నలున్నారు. పిల్ల చేతిరాత అనుకరిస్తూ రాత్రి పదకొండింటికి హోంవర్క్ పూర్తిచేసే అమ్మలున్నారు. ఇప్పుడు ఆ పని కంప్యూటరులోని కృత్రిమ మేధ క్షణాల్లో చేసిపెడుతోంది. ప్రాజెక్టులో కాపీ తప్పుకాదు, టెస్టులో మాత్రం తప్పు అంటే పిల్లలకి తికమకే.

గాంధీగారి ఆత్మకథలోని 'కెటిల్' కథ తెలియని తెలుగు పాఠకుడు ఉండడు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ గైల్స్ అయిదు ఇంగ్లిషు మాటలు రాయమన్నారు. గాంధీ ఒకటి తప్పు రాశారు. పక్కవాడి పలక చూసి దిద్దుకోమని బూటు కాలితో సైగ చేసింది సాక్షాత్తూ పంతులుగారే! ఆ కథను మనం పిల్లాడి నిజాయతీకే ఉదాహరణగా చెప్పుకుంటాం. పంతులుగారి భయం గురించి ఆలోచించం. క్లాసు మొత్తం సరిగ్గా రాస్తే ఆయన పేరు నిలబడుతుంది.

నూరేళ్లు దాటినా ఆ బూటు ఆగలేదు. 2015 మార్చిలో బిహార్‌లోని వైశాలి జిల్లాలో పరీక్షా కేంద్రం గోడలెక్కి కిటికీల్లోంచి చిట్టీలు అందించినవాళ్లు పిల్లల సొంత మనుషులే. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ప్రశ్నపత్రాలు వాట్సాప్‌లో తిరిగిన కేసుల్లో అరెస్టయిన వాళ్లలో ఉపాధ్యాయులున్నారు. 'చూచిరాత' అంటే ఒకప్పుడు గుండ్రటి అక్షరాలు దిద్దడం. ఈ మాట అర్థం మారిపోవడానికి కారణం పిల్లలు మాత్రమేనా?

శిక్ష ఎంత?

పబ్లిక్ పరీక్షలకి 1997 నాటి రాష్ట్ర చట్టం ఉంది. ఉద్యోగ నియామకాలు, జాతీయ ప్రవేశ పరీక్షల కోసం 2024లో కేంద్రం చట్టం తెచ్చింది. అది పేపర్లు అమ్ముకునే ముఠాల్ని పట్టుకోవడానికే, రాసే అభ్యర్థుల్ని జైల్లో పెట్టడానికి కాదు.

తొందరపడితే ఏమవుతుందో 2023 ఏప్రిల్‌లో తెలంగాణ చూసింది. పదో తరగతి హిందీ పరీక్షలో బయటినుంచి ఒకరు కిటికీ దగ్గరికొచ్చి, లోపలున్న విద్యార్థి దగ్గరి ప్రశ్నపత్రం ఫొటో తీసుకెళ్లారు. అధికారులు ఆ విద్యార్థిని ఐదేళ్లు డిబార్ చేశారు. హైకోర్టుకి వెళితేగాని మిగతా పరీక్షలు రాసే అవకాశం దక్కలేదు.

బడి టెస్టులకి ఏ చట్టమూ లేదు, హెడ్మాస్టరే చట్టం. మొదటిసారి దొరికితే ఆ పేపరుకి మార్కులు రద్దుచేసి, వారంలోగా వేరే ప్రశ్నలతో మళ్లీ రాయించడం చాలు. ఆ వారంలో సాయంత్రాలు ఆ పాఠం మళ్లీ చెప్పడం టీచరు వంతు. టీసీ చేతిలో పెట్టి పంపేయడం, కాండక్ట్ సర్టిఫికెట్‌లో ఎక్కించడం మాత్రం పన్నెండేళ్ల పిల్లాడికి మోయలేని బరువు. అలాగని తల్లిదండ్రులు ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని 'మావాడు అలాంటివాడు కాదు, పక్కవాడే పెట్టుంటాడు' అని వాదించి సున్నాని తీయించేస్తే, అంతకన్నా పెద్ద చిట్టీ లేదు.

ప్రశ్నపత్రం సంగతీ చూడాలి. గైడులోని ప్రశ్నే గైడులోని మాటల్తో అడిగితే గైడు ముక్కే జవాబు అవుతుంది. 'మీ ఊరి చెరువు ఎందుకు ఎండిపోయింది?' అనడిగితే చిట్టీలో ఏం రాసుకొస్తారు? ప్రాజెక్టు తెచ్చిన పిల్లతో రెండు నిమిషాలు దాని గురించి మాట్లాడిస్తే ఎవరు చేశారో తెలిసిపోతుంది.

ఆ రాత్రి నాన్న ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర. పిల్లాడు కంచం ముందు తలొంచుకుని కూర్చుంటాడు. చెప్పాల్సింది అమ్మ చెప్పేసింది. నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంటాడు. కాసేపు ఎవరూ మాట్లాడరు.

'ఏ ప్రశ్న రాలేదురా?'

పిల్లాడు తలెత్తుతాడు. 'మూడోది... భిన్నాలు. ఆగస్టు నుంచీ అర్థం కావట్లేదు నాన్నా.'