బొమ్మ చెప్పిన చాడీ

మా ఇల్లు బాలానగర్‌లో. పేరులో 'బాల' ఉన్నదిగాని, బాలలు ఆడుకొనే చోటు మాత్రం తక్కువ. ఒకవైపు 2021లో తెరిచిన ఫ్లైఓవర్, మరొకవైపు లేతు మిషన్ల షెడ్లు. మావారిది అటువంటి షెడ్డే. నేను కళాశాలలో తెలుగు చెబుతాను. ఆలస్యంగా పుట్టిన మా అమ్మాయికి ఇప్పుడు అయిదో ఏడు.

ఒక సాయంకాలం నేను జవాబు పత్రాలు దిద్దుకొంటున్నాను. అమ్మాయి వంటింటి గడప దగ్గర బువ్వాలాట పెట్టింది. కొబ్బరిచిప్ప గిన్నె, చింతగింజలు కూర. "కాపీ రాయకుండా ఈ చెత్తేమిటి?" అని కసిరి, అంతా చేటలోకి ఊడ్చేశాను. అది ఏడవలేదు. బొమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకొని, "పక్కింటి పిల్లను చూసైనా సిగ్గు తెచ్చుకో, మొద్దూ!" అని వేలు చూపి గద్దించింది. మాటలు నావి, గొంతు కూడా నాదే. కాస్సేపాగి, బొమ్మ తరఫున సన్నగా, "నేను మొద్దునే కదమ్మా" అన్నది.

నా చేతిలోని పెన్ను ఆగిపోయింది.

పోతనగారు దశమస్కంధంలో రుక్మిణి బాల్యం వర్ణిస్తూ బొమ్మల పెండ్లిండ్లు, గుజ్జనగూళ్ళు చెప్పారు. గుజ్జనగూళ్ళంటే ఈ బువ్వాలాటే. క్లాసులో దానికి ప్రతిపదార్థం చెప్పే నేను ఇంట్లో చీపురు పట్టుకొన్నాను!

వైగోట్‌స్కీ అనే రష్యన్ మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1933లో లెనిన్‌గ్రాడ్‌లో ఈ ఆటలను గురించే ఉపన్యసించాడు. కర్రను గుర్రమనుకొన్న పిల్లవాడు వస్తువునుంచి అర్థాన్ని విడదీయడం నేర్చుకొంటున్నాడని ఆయన భావం. ఒక గీత ఒక ధ్వనికి గుర్తని రేపు గ్రహించవలసినది ఆ బుద్ధితోనే గదా! ఇక నిగ్రహం సంగతి. ఒక్కచోట నిలువని మా పిల్ల, డాక్టరుకోసం కాచుకొన్న రోగి వేషం వేస్తే, పిలిచేదాకా కదలదు.

మూడునుంచి ఎనిమిదేళ్ళవరకు చదువు ఆటద్వారా సాగాలని 2022లో విడుదలైన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా చెప్పింది. మా అమ్మాయి బడిలో మాత్రం రోజుకు రెండు పేజీల కాపీ తప్పదు.

ఈ ఆటకు కొనవలసినదేమీ లేదు. పాత చీర, అట్టపెట్టె చాలు. (చింతగింజలు మాత్రం మరీ పసివాళ్ళకు ఇవ్వకండి, నోట్లోనో ముక్కులోనో పెట్టుకొంటారు.) పెద్దలకు కష్టమల్లా నోరు కట్టుకోవడమే. పిలిస్తేనే వెళ్ళాలి, ఇచ్చిన వేషమే వేయాలి. పిల్ల మబ్బుల కూర వండితే, "మబ్బులు వండరమ్మా" అనకూడదు. ఉప్పు చాలిందా అని అడగాలి. దిద్దడమే వృత్తి అయిన నాకు ఇది ఇంకా పూర్తిగా అలవడలేదు.

మొన్న ఆదివారం మావారు షెడ్డునుంచి తెచ్చిన పెద్ద అట్టపెట్టె మెట్రోరైలయింది. నాకు టిక్కెట్టు ఇచ్చింది. బొమ్మను మాత్రం ఎక్కించలేదు. "దానికి బడంటే భయమట, ఇంట్లోనే ఉంటుందట" అన్నది. ఎందుకు భయమని నేను అమ్మాయిని అడగలేదు, బొమ్మనే అడిగాను. అమ్మాయి దాని నోటిదగ్గర చెవి ఆనించి విని, "రేపు చెబుతుందట" అన్నది.