బతుకమ్మకు నారు, సంక్రాంతికి పండు

వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. టమాటను పోలి ఉంటుందని దాన్ని టమాట మిర్చి అని కూడా అంటారు. వరంగల్ చుట్టుపక్కల రైతులు మంచి కాయలు ఏరి, ఏటేటా విత్తనం దాచుకుంటూ రావడం వల్లే ఆ రకం మనకు మిగిలింది. టమాట విత్తనం నిలుపుకోవడం అంతకంటే తేలిక. పెరడు లేకపోతే మిద్దె మీది కుండీలు చాలు.

టమాట పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. మామూలుగా ఏ పువ్వు పుప్పొడి ఆ పువ్వుకే అంది కాయ కడుతుంది. పరాయి రకం కలిసేది తక్కువ కాబట్టి నాటు టమాట గింజ వేస్తే తల్లిలాంటి మొక్కే వస్తుంది. హైబ్రిడ్ పండులోని గింజలు కూడా మొలుస్తాయి, కాస్తాయి. కానీ ఒక్కో మొక్క ఒక్కో తీరుగా ఉంటుంది. అందుకని అంగట్లో కొన్న గట్టి హైబ్రిడ్ టమాటల గింజలతో మొదలుపెట్టకండి. పల్లెలో ఎవరి పెరట్లోనైనా కాసే పలుచని తోలు పుల్లటి పండు అడిగి తెచ్చుకోండి. దొరక్కపోతే పూసా రూబీ, అర్క వికాస్ వేసుకోవచ్చు. అవి పరిశోధన సంస్థలు రూపొందించిన రకాలే అయినా హైబ్రిడ్లు కావు.

మన దగ్గర గెలుపోటములు తేల్చేది కాలం. రాత్రి ఉష్ణోగ్రత 15–20 డిగ్రీల మధ్య ఉంటే పిందె బాగా నిలుస్తుంది. పగటి ఎండ 35 దాటితే పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. అందుకే బతుకమ్మ రోజుల్లో నారు పోయాలి. అప్పుడు పూత చలికాలంలో వచ్చి, సంక్రాంతి నాటికి పండ్లు చేతికొస్తాయి.

చివికిన పశువుల ఎరువు కలిపిన గుల్ల మట్టిలో అర సెంటీమీటరు లోతున గింజ వేస్తే వారం రోజుల్లో మొలుస్తుంది. నీరు నిలిస్తే నారు కుళ్లుతుంది. తెల్లదోమ ఆకుముడత వైరస్‌ను మోసుకొస్తుంది గనుక నారు మీద సన్నని వల కప్పండి. ముడత వచ్చిన మొక్కకు మందు లేదు, పీకి పారేయాల్సిందే. 25–30 రోజుల నారును సాయంత్రం పూట, కాండం కొంత పూడేలా నాటండి. పూడిన చోట కొత్త వేర్లు వస్తాయి. ఊతకర్ర తప్పనిసరి. ఒకరోజు నీళ్లు ముంచెత్తి నాలుగు రోజులు ఎండగడితే మొక్కకు కాల్షియం సరిగా అందక కాయ అడుగున నల్లమచ్చ పడుతుంది.

విత్తనానికి తొందర పనికిరాదు. తెగులు లేని రెండు మూడు మొక్కల మీద మంచి కాయలు చూసి, వాటికి దారం కట్టండి. ఎవరూ కూరకు తెంపకుండా చూసుకోవాలి. చెట్టు మీదే బాగా పండాక గింజల్ని రసంతో సహా గ్లాసులోకి పిండి రెండు రోజులు ఉంచండి. గింజ చుట్టూ ఉండే జిగురు పొర మొలకను ఆపుతుంది. రసం పులిస్తే ఆ పొర ఊడిపోతుంది. పైకి తేలినవి పారబోసి, అడుగున నిలిచినవి కడిగి, నీడలో పళ్లెం మీద ఆరబెట్టండి. కాగితం మీద పోస్తే అంటుకుపోతాయి. పూర్తిగా ఆరాక సీసాలో పోసి, రకం పేరు, సంవత్సరం రాసి చల్లని చోట పెడితే మూడు నాలుగేళ్లు మొలకెత్తే శక్తి ఉంటుంది.

దాచిన విత్తనం మళ్లీ వేసుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు రైతుకు ఉందని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం చెబుతోంది. మొదటి పంట గింజల్లోనే కొన్ని ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు వారికి ఇవ్వండి. ఏ ఏడాదైనా మీ మొక్కలు పోతే ఆ రకం వాళ్ల దగ్గర దొరుకుతుంది.