ఆఖరిదని ఎగబడి కొన్నారు!

1976 ఏప్రిల్‌ 21. అమెరికాలోని డెట్రాయిట్‌. కాడిలాక్‌ ఫ్యాక్టరీలో ఆరోజు హడావుడంతా ఒక్క కారు చుట్టూనే. తెల్లటి కారు. సీట్లు తెలుపు, పైకప్పు తెలుపు, చక్రాల మూతలూ తెలుపే. బానెట్‌ మీద మాత్రం సన్నటి ఎరుపు, నీలం గీతలు. నంబరు ప్లేటు మీద అంకెల్లేవు. ఒకే ఒక్క మాట... 'లాస్ట్‌'!

కాడిలాక్‌ ఎల్డొరాడో కన్వర్టిబుల్‌ అది. పైకప్పును మడిచి వెనక్కి దాచేసుకునే కార్లను అమెరికాలో ఇక ఎవరూ తయారుచేయరనీ ఇదే చిట్టచివరిదనీ కంపెనీ చాటింపు వేసింది. జనం నమ్మారు. నమ్మి, అప్పటికే షోరూముల ముందు బారులు తీరారు. ఆ నమ్మకం చివరికి కోర్టు మెట్లెక్కుతుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

పది మారుతీల ఇంజిను

ముందు కారు సంగతి చూద్దాం. పొడవు దాదాపు 5.7 మీటర్లు, వెడల్పు రెండు మీటర్లు. ఇన్నేళ్లూ మన సందుల్లో తిరిగిన మారుతి 800 పొడవు 3.3 మీటర్లే. బరువు రెండు టన్నుల పైమాటే. ఇక ఇంజిను... 8.2 లీటర్లు. అంటే మారుతి 800 ఇంజిన్లు పది కలిపినా ఇంకాస్త మిగులుతుంది. అంత ఇంజినుకు శక్తి ఏమాత్రమో తెలుసా? 190 హార్స్‌పవర్‌. మారుతీకి అయిదు రెట్లు మాత్రమే! 1970లో ఇదే ఇంజినుకు 400 అని చెప్పుకున్నారు. ఆ తర్వాత లెక్కించే పద్ధతి మారింది. పొగ నిబంధనలు కఠినం కావడంతో ఇంజిను జోరునూ తగ్గించాల్సి వచ్చింది. పెట్రోలు తాగడంలో మాత్రం ఏ మార్పూ లేదు. లీటరుకు నాలుగు కిలోమీటర్లొస్తే గొప్ప.

అయినా దీని తయారీలో తెలివి తక్కువేం కాదు. ఇంత పెద్ద ఇంజిను ముందు చక్రాలనే తిప్పుతుంది. గేర్‌బాక్స్‌ను ఇంజిను వెనక కాకుండా పక్కన పెట్టి, రెంటినీ ఓ లావుపాటి గొలుసుతో కలిపారు. అందువల్ల కారు మధ్యలో ఉబ్బెత్తు ఉండదు, కాళ్లు హాయిగా చాపుకోవచ్చు. పైకప్పు మరో విచిత్రం. మీట నొక్కగానే కత్తెరలా లోపలికి మడుచుకుంటుంది. పాత కార్లలో కప్పు మడిస్తే వెనక సీటు సగం ఇరుకైపోయేది. ఇందులో ముగ్గురు దర్జాగా కూర్చోవచ్చు.

ఎందుకు మాయమయ్యాయి?

1960ల్లో అమెరికాలో ఏడాదికి అయిదు లక్షల దాకా కన్వర్టిబుళ్లు అమ్ముడైన రోజులున్నాయి. పదేళ్లలో ఆ ముచ్చట తీరిపోయింది. కారుకు ఏసీ వచ్చాక గాలి కోసం కప్పు తీయాల్సిన పనేముంది? పెద్ద హైవేల మీద దూసుకుపోతుంటే ఆ గాలి మొహాన్ని కొట్టేస్తుంది కూడా. దానికితోడు, కారు పల్టీ కొట్టినా లోపలివాళ్లకు ఏమీ కాకూడదని ప్రభుత్వం రూలు తెస్తుందన్న భయం. గుడ్డ కప్పుతో అది సాధ్యమా? 1972లోనే ఓ అప్పీళ్ల కోర్టు, భద్రత పేరుతో కన్వర్టిబుళ్లను లేకుండా చేయడం కుదరదని చెప్పింది. అప్పటికే కంపెనీలు చేతులెత్తేశాయి. క్రైస్లర్‌ పెద్ద కన్వర్టిబుళ్లను 1970తోనూ, ఫోర్డ్‌ 1972తోనూ ఆపేశాయి. జనరల్‌ మోటార్స్‌లోని మిగతా బ్రాండ్లు 1975 మోడళ్లతో సరిపెట్టాయి. 1976లో బరిలో మిగిలింది ఎల్డొరాడో ఒక్కటే.

చివరిదంటే ఆ మాటకుండే గిరాకీ వేరు కదా! 1975లో తొమ్మిది వేలు కూడా దాటని తయారీ, 1976లో పద్నాలుగు వేలకు చేరింది. షోరూములో ధర 11 వేల డాలర్ల పైచిలుకు. చేతులు మారేసరికి రెట్టింపయిన సందర్భాలూ ఉన్నాయి. నగలు కొని లాకర్లో దాచినట్టు, కొందరు కారును తిన్నగా గ్యారేజీకి తీసుకెళ్లి దుప్పటి కప్పేశారు. రేపు పిల్లల చదువుకో, రిటైరయ్యాక ఖర్చులకో పనికొస్తుందన్న లెక్క. చిట్టచివరి 200 కార్లను అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది గుర్తుగా ఒకేలా తెల్లగా తయారుచేశారు. వాటిలో ఆఖరిదాన్ని కంపెనీ తనే ఉంచుకుంది.

మళ్లీ వచ్చేసింది!

1982లో క్రైస్లర్‌ అధిపతి లీ అయకోకా 'లెబారన్‌' కన్వర్టిబుల్‌ను బజార్లోకి తెచ్చారు. అది బాగా అమ్ముడైంది. పక్కవాడు అమ్ముకుంటుంటే చూస్తూ కూర్చుంటారా? 1984లో కాడిలాక్‌ కూడా ఎల్డొరాడో కన్వర్టిబుల్‌ను మళ్లీ దించింది. అదీ కప్పున్న కారునే పంపించి, పైభాగం కోయించి!

గ్యారేజీలో దుప్పట్ల కింద కార్లు దాచుకున్నవాళ్లకు ఒళ్లు మండదూ? 'చివరిదని చెప్పి మోసం చేశారు' అంటూ దావా వేశారు. కోర్టు దాన్ని కొట్టేసింది. చట్టం సంగతేమోగానీ, వాళ్ల కోపంలో న్యాయం ఉందనే అనిపిస్తుంది. 'చివరిది' అన్న మాటను కంపెనీ అంత గట్టిగా వాడుకోకపోతే అన్నివేల మంది అలా ఎగబడేవారా?

1976 నాటి 11 వేల డాలర్లంటే, ధరల పెరుగుదల లెక్కేస్తే ఈరోజు 60 వేల డాలర్లకు పైనే. మంచి స్థితిలో ఉన్న మామూలు 1976 ఎల్డొరాడో మాత్రం అంతకంటే చాలా తక్కువకే దొరుకుతోంది. అందరూ దాచుకున్నది అరుదెలా అవుతుంది! అదే 1959 నాటి ఎల్డొరాడో బియారిట్జ్‌... వెనక రాకెట్‌లాంటి తోకలతో ఉంటుందే, అది. 1,320 మాత్రమే తయారయ్యాయి. దాని ధర లక్ష డాలర్లు దాటడం మామూలే. దాన్ని కొన్నప్పుడు దాచుకోమని ఎవరూ చెప్పలేదు మరి.

పాత ఎల్డొరాడోను కొనాలనుకునేవాళ్లు ముందుగా చూసేది ఇంజినును కాదు. బంపరుకూ బాడీకీ మధ్య ఖాళీని కప్పే ప్లాస్టిక్‌ ముక్కల్ని. ఏళ్లు గడిచేకొద్దీ అవి అప్పడాల్లా పెళుసెక్కి, ముట్టుకుంటే విరుగుతాయి. తర్వాత కప్పును ఒకసారి పైకీ కిందికీ ఆడించి చూస్తారు. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న కారైతే రబ్బరు గొట్టాలు ఎండిపోయి, పైకప్పును నడిపే నూనె కారిపోతుంటుంది. అందుకే కొంతమంది కొనుగోలుదార్లు, మీటరు మీద అతి తక్కువ మైళ్లున్న కారుకంటే ఆదివారాల్లో ఇంటిల్లిపాదీ ఎక్కి తిరిగిన కారుకే ఓటేస్తారు.