అల వెనుక అగాధం

తీరాన నిలిచి చూసే మనకు, అలను లేపేది గాలి ఒక్కటేనని తోస్తుంది. అది సగం నిజం. మిగిలిన సగాన్ని పోర్చుగల్‌లోని నజరే పట్టణంలో చూడవచ్చు.

శీతాకాలంలో ఉత్తర అట్లాంటిక్ తుఫానుల గాలులు నీటికి శక్తినిస్తాయి. ఆ శక్తే అలగా ఎంతో దూరం పయనిస్తుంది; నీరు మాత్రం దాదాపు ఉన్నచోటనే ఉంటుంది. నజరే ముంగిట సముద్రగర్భంలో, అత్యంత లోతైనచోట సుమారు 5 కిలోమీటర్లుండే మహా లోయ ఒకటి తీరం దాకా చొచ్చుకువచ్చింది. లోయ మీద అల వేగంగా సాగుతుంది; పక్కనున్న మెరక మీద నెమ్మదిస్తుంది. అందువలన లోయ అంచున అల వంగి, మెరక మీదుగా వచ్చే అలతో కలుస్తుంది. రెండు శిఖరాలు ఒక్కటైనచోట కొండంత అల లేస్తుంది.

2020 అక్టోబరులో జర్మనీకి చెందిన సెబాస్టియన్ స్టాయిడ్ట్నర్ ఇక్కడ 26.21 మీటర్ల అలపై పలకతో జారి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. 2023 జనవరిలో బ్రెజిల్‌కు చెందిన ఒక సర్ఫర్ ఇక్కడే ప్రాణాలు కోల్పోయాడు. విశేషమేమంటే, సముద్రంలోకి పొడుచుకువచ్చిన కొండకు ఉత్తరాన ఇంత ఉగ్రత ఉండగా, దక్షిణాన ఉన్న పట్టణ తీరం చాలావరకు నెమ్మదిగా ఉంటుంది.

అల ఎత్తును కంటికి కానరాని సముద్రపు అడుగు కూడా నిర్ణయిస్తుంది. కనుక పిల్లలతో ఏ తీరానికి వెళ్ళినా, పైనీటి నెమ్మదిని నమ్మక, అక్కడి మత్స్యకారులను అడిగి దిగడమే వివేకం.