పహాణీలో పేరు కొట్టేసినంత పని: డిలీట్ చుట్టూ అపోహలు – వాస్తవాలు

పెండ్లిళ్ల సీజన్. కల్వకుర్తిలో ఒక ఫొటో స్టూడియో. పాత పెండ్లిళ్లు తీసేస్తే తప్ప కొత్తవాటికి కంప్యూటర్లో జాగా లేదు. ఫోల్డర్ మీద డిలీట్ కొట్టారు. పచ్చగీత సగం దాకా వచ్చి నిలబడిపోయింది. మౌస్ కదులుతోంది కానీ ఏం నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. "వైరస్ పడ్డదన్నా, వచ్చి ఫార్మాట్ కొట్టు" అని ఫోన్. నేను పోయేసరికి స్టూడియో తమ్ముడు పవర్ బటన్ మీద వేలు పెట్టి కూర్చున్నాడు.

"ఆగు తమ్మీ" అని సీపీయూ డబ్బాకు చెవి ఆనించాను. లోపల టిక్... టిక్... కాసేపు ఆగి మళ్లీ టిక్.

అపోహ: ఫైలు ఎంత పెద్దదైతే డిలీట్‌కు అంత టైం.

పాత పహాణీలు (భూమి రికార్డులు) చూసినవాళ్లకు అసలు సంగతి తొందరగా అర్థమవుతుంది. రిజిస్టర్లో పేరు కొట్టేస్తే భూమి ఎక్కడికీ పోదు. విండోస్‌లో మాస్టర్ ఫైల్ టేబుల్ అనే పట్టీ ఉంటుంది. ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో అందులో రాసి ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొడితే ఆ పట్టీలో "ఈ జాగా ఖాళీ" అని గుర్తు పడుతుంది, అంతే. మామూలు డిలీట్‌లో అదీ జరగదు, ఫైలు పేరు మార్చుకుని రీసైకిల్ బిన్‌లో కూర్చుంటుంది. అందుకే 40 జీబీ వీడియో ఒక్కటే అయితే సాధారణంగా క్షణాల్లో పోతుంది. చిన్న ఫొటోలు 60,000 ఉంటే మాత్రం ఒక్కో పేరూ విడిగా కొట్టెయ్యాలి. పైగా ముందు అన్నిటినీ లెక్కపెట్టాలి. అప్పుడు కనిపించేది ఆలస్యమే, జబ్బు కాదు. ఓపిక పట్టండి.

పేరు కొట్టేసిన తర్వాత కూడా భూమి ఉన్నట్టే, హార్డ్ డిస్కులో ఆ ఫొటోలు ఇంకా ఉంటాయి. కొత్తవి వాటి మీద పడేదాకా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో బయటికి తీయొచ్చు. నెట్ సెంటర్లలో ఎంతమంది ఆధార్ కాపీలుంటాయో తెలిసి కూడా పాత డిస్కులను తూకానికి అమ్మేస్తున్నారు. ఇది నాకు నిజంగా భయం కలిగించే విషయం.

అపోహ: డిలీట్ దగ్గర ఆగితే వైరసే.

నేను చూసినవాటిలో వైరస్ అరుదు. ఎక్కువసార్లు ఆ ఫైలును ఇంకేదో ప్రోగ్రాము పట్టుకుని ఉంటుంది. కరెంటు పోయి సగంలో ఆగిన వీడియో ఉందనుకోండి. దాన్ని సెలెక్ట్ చేయగానే బొమ్మ చూపించాలని విండోస్ తెరవబోతుంది, తెరుచుకోదు, అక్కడే చిక్కుకుంటుంది. ఒకే సిస్టంలో రెండు యాంటీవైరస్‌లు వేసుకున్నవాళ్లకైతే ఈ బాధ ఇంకా ఎక్కువ కావచ్చు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద రీస్టార్ట్ కొట్టండి. ప్రివ్యూ పేన్ తీసేయండి. ఫోల్డర్ ఆప్షన్లలో థంబ్‌నెయిల్స్ వద్దని టిక్ పెట్టి మళ్లీ డిలీట్ చేయండి. అయినా కాకపోతే సేఫ్ మోడ్‌లో చూడండి. అక్కడ సాఫీగా పోయిందంటే తప్పు చాలావరకు డిస్కుది కాదు, మీరు వేసుకున్న ఏదో ప్రోగ్రాముది.

అపోహ: బటన్ నొక్కి ఆపేస్తే సరిపోతుంది.

విండోస్ డిస్కులో మార్పులు ముందే రాసుకునే చిట్టా ఉంటుంది కాబట్టి పట్టీ చాలావరకు నిలబడుతుంది. మీ ఫొటోకు ఆ చిట్టా పూచీ పడదు. పెన్ డ్రైవ్‌లలో ఎక్కువగా ఉండే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లలో ఆ చిట్టా కూడా లేదు. పైగా పెన్ డ్రైవ్‌లో డిలీట్ చేసింది రీసైకిల్ బిన్‌కు పోదు.

అపోహ: ర్యామ్ పెంచితే, ఫార్మాట్ కొడితే పోతుంది.

డిస్కే పాడవుతుంటే ఈ రెండూ పనికిరావు. టాస్క్ మేనేజర్లో డిస్క్ 100 శాతం చూపిస్తూ, పని మాత్రం కేబీల్లో నడుస్తుంటే అనుమానించాలి. చదవలేని చోటును డిస్కు మళ్లీ మళ్లీ చదవబోతుంది, అంతసేపూ సిస్టం నోరు మూసుకుంటుంది. ఆ టిక్ టిక్ అదే. క్విక్ ఫార్మాట్ అంటే చెడిన నేల మీదే కొత్త పహాణీ రాయడం. విండోస్‌లోని చెక్‌డిస్క్ కూడా చెడిన చోటును బాగుచేయదు, ఇక వాడొద్దని గుర్తు పెడుతుంది. అరిగిపోతున్న డిస్కు మీద దాన్ని గంటల తరబడి నడిపితే ఉన్నది కూడా పోవచ్చు. ముందు కాపీ, తర్వాతే మరమ్మతు.

స్టూడియో కంప్యూటర్లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి చూశాను. పసుపు రంగులో "కాషన్". పెండింగ్ సెక్టార్ల (చదవడానికి మొరాయిస్తున్న చోట్ల) లెక్క సున్నా ఉండాల్సిన చోట సున్నా లేదు. సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతుంటే కేబుల్ మారిస్తే సరిపోయేది. ఇక్కడ అవి లేవు.

కొత్త డిస్కు తగిలించి, ముందు ఇంకా ఆల్బమ్ ఇవ్వని పెండ్లిళ్లు కాపీకి పెట్టాం. రాత్రి పదకొండు దాటింది. ఒక పెండ్లిలో అప్పగింతల ఫోల్డర్ దగ్గర గీత మళ్లీ ఆగింది. తమ్ముడి వేలు బటన్ వైపు పోలేదు. ఇద్దరం ఆ టిక్ టిక్ వింటూ కూర్చున్నాం. చాలాసేపటికి గీత కదిలింది.