ఉయ్యాల కొక్కెం నేర్పిన లెక్క

భోగి రోజు పొద్దున్నే తణుకులో బస్సు దిగి ఇంటికెళ్లేసరికి హాల్లో కొత్త ఉయ్యాల బల్ల! నాన్నమ్మ ఎన్నాళ్ల నుంచో అడుగుతోందని నాన్న టేకు చెక్కతో చేయించారు. శ్లాబు నుంచి రెండు ఇనుప కొక్కేలు, వాటికి గొలుసులు. కొక్కేలు దగ్గర్లోని వెల్డింగ్ షాపులో ఊచ వంచి చేసిచ్చారట.

"ఒరేయ్, నువ్వు మెకానికలే కదా చదివింది? ఇది మమ్మల్ని మోస్తుందా?" అంది నాన్నమ్మ.

చదివింది మెకానికలే. కానీ క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చాక ఆ పుస్తకాలు అటకెక్కి ఆరేళ్లయింది. అయినా పరువు సమస్య కదా! ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచా.

31 రెట్లు భద్రం!

లెక్క చాలా తేలికనిపించింది. బల్ల, గొలుసులు కలిపి 30 కిలోలు. నాన్నమ్మ, అక్క, అక్క పిల్లలిద్దరూ ఎక్కితే ఇంకో 150. మొత్తం 180 కిలోలు. కిలోకి సుమారు 10 న్యూటన్ల చొప్పున 1800 న్యూటన్ల బలం. కొక్కేలు రెండు కాబట్టి ఒక్కోదానికి 900.

కొక్కెం ఊచ మందం 12 మిల్లీమీటర్లు. దాన్ని అడ్డంగా కోస్తే కనిపించే గుండ్రటి ముఖం వైశాల్యం 113 చదరపు మిల్లీమీటర్లు. 900ని 113తో భాగిస్తే చదరపు మిల్లీమీటరుకు 8 న్యూటన్లు. దీన్నే స్ట్రెస్ అంటారు. తెలుగు మీడియం వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ప్రతిబలం. మామూలు మైల్డ్ స్టీలు చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్ల దాకా తట్టుకుంటుంది. అది దాటితే శాశ్వతంగా వంగిపోతుంది.

250ని 8తో భాగిస్తే 31. ఇదే ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ. అంటే మోయాల్సినదానికి 31 రెట్లు మోయగలదన్నమాట.

"నాన్నమ్మా, ఏనుగెక్కినా ఏం కాదు" అని ప్రకటించేశా. పండగ మూడ్రోజులూ ఉయ్యాల ఖాళీగా లేదు.

రెండు ఫొటోల మధ్య తేడా

కనుమ రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్లో ఫొటోలు చూస్తున్నా. భోగి రోజు నాన్నమ్మ ఉయ్యాల మీద కూర్చున్న ఫొటోలో పైన కొక్కెం స్పష్టంగా కనిపిస్తోంది. ఊచ చివర దాదాపు మెడకి ఆనుకుని ఉంది. ఎందుకో తలెత్తి చూశా. ఇప్పుడు ఆ సందులో నా బొటనవేలు పడుతుంది.

గుండె ఝల్లుమంది. స్టూలేసుకుని ఎక్కి చూస్తే అనుమానం లేదు. కొక్కెం నోరు తెరుచుకుంటోంది.

ఇక్కడ స్ట్రెయిన్ గురించి చెప్పాలి. బలం పడినప్పుడు వస్తువు అసలు పొడవులో ఎంత వంతు సాగిందో చెప్పేదే స్ట్రెయిన్, అంటే వికృతి. మీటరు పొడవున్న స్టీలు కడ్డీని లాగితే సుమారు ఒకటిం పావు మిల్లీమీటరు సాగేదాకా పర్లేదు, వదిలేయగానే మళ్లీ మామూలు పొడవుకి వచ్చేస్తుంది. ఆ హద్దు దాటితే ఇక రాదు. స్ట్రెస్ కంటికి కనిపించదు. కానీ తెరుచుకున్న ఆ నోరు కనిపిస్తోంది. స్టీలు హద్దు దాటేసిందని అదే సాక్ష్యం.

మరి నా 31 ఏమైనట్టు?

ఎక్కడ తప్పానంటే...

మొదటి తప్పు, కదలకుండా ఉన్న ఉయ్యాలకి లెక్క కట్టడం. పిల్లలు కూర్చోవడానికా ఎక్కేది? నిలువు నుంచి 60 డిగ్రీల దాకా ఊగితే, కిందికొచ్చే క్షణంలో గొలుసుల మీద బలం సరిగ్గా రెట్టింపవుతుంది. 900 కాస్తా 1800 న్యూటన్లు. ఇది ఇంటర్ ఫిజిక్సే, కానీ గుర్తు రాలేదు. దాంతో 31 సగానికి పడి 15 అయింది. అయినా 15 అంటే బోలెడు కదా?

రెండో తప్పే అసలు తప్పు. నేను కొక్కేన్ని నిలువు కడ్డీలా లెక్కేశాను. నిజానికి అది ప్రశ్నార్థకం గుర్తులా వంగి ఉంది. గొలుసు వంపు అడుగున కూర్చుంటుంది. బరువు అక్కడి నుంచి పక్కకి తిరిగి, వంపు వీపు మీదుగా పైకెళ్లాలి. నీళ్ల బకెట్‌ని ఒంటికి ఆనించి మోయడం వేరు, చెయ్యి చాచి పట్టుకోవడం వేరు. బకెట్ అదే, భుజానికి నొప్పి మాత్రం పది రెట్లు.

మా కొక్కెం లోపలి వెడల్పు 30 మిల్లీమీటర్లు. అంటే బలం గీతకీ, ఊచ మధ్య భాగానికీ దూరం 21 మిల్లీమీటర్లు. 1800 × 21 = 37,800. ఇది ఊచని వంచే బలం. 12 మిల్లీమీటర్ల గుండ్రటి ఊచకి వంపుని తట్టుకునే కొలత సుమారు 170. భాగిస్తే చదరపు మిల్లీమీటరుకు 222 న్యూటన్లు. నేరుగా లాగే స్ట్రెస్ 16 దీనికి కలపాలి. మొత్తం 238.

250ని 238తో భాగిస్తే 1.05!

వంపు లోపలి అంచున స్ట్రెస్ ఈ మామూలు సూత్రం చెప్పేదానికన్నా ఎక్కువే ఉంటుంది. పైగా ఆ ఊచ ఏ గ్రేడు స్టీలో ఎవరికీ తెలియదు. అంటే అసలు నంబరు 1 కంటే కిందే. కొక్కెం నోరు ఊరికే తెరుచుకోలేదు.

ఆ రాత్రే నాన్నని లేపి ఉయ్యాల దింపేశాం.

ఒక్క నట్టు, 114 ప్రాణాలు

ఇలాంటి తప్పుకి చరిత్రలో పెద్ద ఉదాహరణ ఉంది. 1981 జులై 17న అమెరికాలోని కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ లాబీలో, పైకప్పు నుంచి కడ్డీలతో వేలాడుతున్న నడక వంతెనలు రెండు కుప్పకూలాయి. 114 మంది చనిపోయారు.

మొదటి డిజైన్లో పై వంతెననీ కింది వంతెననీ ఒకే పొడవాటి కడ్డీ మోయాలి. పని తేలికవుతుందని దాన్ని రెండు కడ్డీలుగా మార్చారు. పై వంతెన పైకప్పుకి, కింది వంతెన పై వంతెనకి వేలాడాయి. ఒకే తాడు పట్టుకుని ఇద్దరు వేలాడటానికి బదులు, ఒకడు తాడునీ, రెండోవాడు మొదటివాడి కాళ్లనీ పట్టుకున్నట్టు. పై వంతెన దూలం కింద నట్టు మీద బరువు రెట్టింపైంది. కడ్డీ తెగలేదు. నట్టే దూలాన్ని చీల్చుకుని బయటికొచ్చేసింది. కాగితం మీద చిన్న మార్పు. ఆ అతుకుకి మళ్లీ లెక్క కట్టలేదు. బాధ్యులైన ఇంజినీర్లు తర్వాత లైసెన్సులు పోగొట్టుకున్నారు.

నేనూ అదే చేశా. బలంగా ఉన్న చోట లెక్కేసి, బలహీనమైన చోటు వదిలేశా.

రెట్లు ఎందుకు?

ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ ఎక్కువ పెట్టడం స్టీలు వృథా చేయడం అనుకునేవాణ్ని. కాదు, అది మనకి తెలియనిదానికి కట్టే ప్రీమియం. విమానాల నిర్మాణంలో మామూలుగా వాడేది 1.5 మాత్రమే. ఎక్కువైతే బరువెక్కి ఎగరదు. దానికి బదులుగా మెటీరియల్ పరీక్షలు, తనిఖీలు కట్టుదిట్టంగా ఉంటాయి. అదే లిఫ్టు తాళ్లకి చాలాచోట్ల 12 దాకా పెడతారు. అవి రోజూ వంగుతాయి, అరుగుతాయి, పైగా మోసేది మనుషుల్ని.

మా కొక్కేనికి తనిఖీ లేదు, గ్రేడు తెలియదు, ఎక్కేది పిల్లలు. అలాంటి చోట 1.05 అంటే ప్రాణాలతో జూదమే.

మరి ఏం చేశాం?

తెరిచిన కొక్కేల బదులు, ఎంత బరువు మోస్తుందో ఒంటి మీదే ముద్ర వేసి ఉండే ఫోర్జింగ్ ఐ బోల్టులు తెచ్చాం. రింగు మూసి ఉంటుంది కాబట్టి బరువు రెండు పక్కలకీ పంచుకుంటుంది, నోరు తెరుచుకునే సమస్యే లేదు. శ్లాబు సంగతి నాకు తెలియదని ఒప్పేసుకుని, ఇల్లు కట్టిన ఇంజినీరుని పిలిపించాం. ఆయన చెప్పినట్టే బోల్టుని శ్లాబు దాటించి, డాబా మీద మందపాటి ప్లేటు వేసి బిగించాం.

మీ ఇంట్లో ఉయ్యాల, పంచింగ్ బ్యాగు, పుల్ అప్ బార్... ఏది వేలాడుతున్నా ఇవాళే కొక్కెం ఫొటో తీసి పెట్టుకోండి. మూడు నెలల తర్వాత అదే కోణంలో ఇంకోటి తీసి పోల్చండి. సందు పెరిగినా, గొలుసు రాసుకునే చోట అరిగినా, శ్లాబు దగ్గర పగులు కనిపించినా వెంటనే దింపేయండి. బలాన్ని పైనుంచి కింది దాకా వేలు పెట్టి చూస్తూ రండి. ఎక్కడ వంపు తిరుగుతోందో, ఎక్కడ అతుకు ఉందో అక్కడ ఆగి లెక్కేయండి.

కొత్త బోల్టులు బిగించాక నాన్నమ్మని రమ్మన్నాం. ఆవిడ కూర్చోలేదు.

"ముందు నువ్వెక్కు. ఏనుగు సంగతి తర్వాత చూద్దాం" అంది.

ఎక్కా. నాన్న కూడా ఎక్కారు. ఆ తర్వాతే ఆవిడ వచ్చి మా మధ్య కూర్చుంది.